పన్నెండో కాగితం

"అంత దగ్గరగా పెడితే సెగకి ఫోటోలు కమిలిపోతాయి కర్స్టీ. మొహాలు పసుపెక్కిపోతాయి. రేపు ఎవరు ఎవరో మనకే తెలీదు."

రీపెకా ఈ మాట అనేసరికి గోడ మీద ఒక్క ఫోటో కూడా లేదు. గోడలో ఉన్న నిప్పుగూట్లో నిప్పూ లేదు. ఉన్నవల్లా కాగితాలే. గోధుమరంగు కాగితాన్ని ఒక్కో ఫ్రేము కొలతకి కత్తిరించి, నీలం టేపుతో గోడకి అంటించింది కోడలు. కర్స్టీ ఇన్వర్‌కార్గిల్‌లో రంగులూ సామాన్లూ అమ్మే కొట్లో పనిచేస్తుంది. ముందు కాగితాలు అంటించుకుని రెండు మూడు రోజులు చూసుకోవాలి, నచ్చాకే మేకు కొట్టాలి అని కొట్టుకొచ్చే వాళ్ళకి తనే చెబుతుంది.

"ఇవి కాగితాలే అత్తయ్యా. పొయ్యి ఇంకా వెలిగించనే లేదు."

"వెలిగిస్తాం కదా. మార్చి అయిపోవచ్చింది, ఇక మనకి చలికాలమే."

"మీ అత్త కాగితాలకి కూడా ఉన్ని మేజోళ్ళు అల్లేస్తుంది, ఆగు," అన్నాడు మామగారు టియోనే సోఫాలోంచి. "చలికి ఒకటి, సెగకి ఒకటి."

"నువ్వు నోరు మూసుకుని నీ టీ తాగు. నీకేం, నిన్ను తలకిందులుగా వేలాడదీసినా నిద్రపోతావు."

కర్స్టీ నవ్వింది. ముక్కాలిపీట దిగి, అత్తగారి చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి తీసుకొచ్చింది. "దీనికో పద్ధతుంది, చూడండి. పొయ్యి బాగా రాజుకున్నాక గోడ మీద ఇలా అరచెయ్యి ఆన్చి పది లెక్కపెట్టాలి. ఈలోపు చెయ్యి తీసేయాలనిపిస్తే అక్కడ ఫోటో పనికిరాదు. పదిదాకా హాయిగా ఉంటే ఫోటోకీ హాయే."

రీపెకా చల్లటి గోడ మీద చెయ్యి పెట్టి, నమ్మకం లేకుండానే పది లెక్కపెట్టింది.

దేశానికి దక్షిణపు కొసన ఉన్న బ్లఫ్ రేవుకి ఎగువన, గాలికి వంగిపోయిన చెట్ల పక్కన ఉంది ఆ ఇల్లు. టియోనే తాత కట్టాడు. ఆయన కట్టినప్పటి నుంచీ హాల్లో నిప్పుగూడున్న గోడ పోయినవాళ్ళది. టియోనే తాతా నాన్నమ్మా, చేతిలో బకెట్టుతో అతని తండ్రి, సైనికుడి బట్టల్లో అతని అన్న, రీపెకా తల్లీ, ఆమె అక్కచెల్లెళ్ళిద్దరూ, ఇంకా వెనకటివాళ్ళూ కలిసి పదకొండు ఫోటోలు. ఎవరు ఇంటికొచ్చినా ముందు ఆ గోడ దగ్గరికే వెళతారు. ఒక్కో ఫ్రేమునీ చేత్తో తాకి, పేరు పెట్టి పలకరించి, కళ్ళు తుడుచుకుని, అప్పుడు బతికున్నవాళ్ళ వైపు తిరిగి టీ ఏదీ అంటారు. బతికున్నవాళ్ళ ఫోటోలు ఎదుట కిటికీ గోడకి ఉంటాయి. ఆ గోడవాళ్ళు ఈ గోడకి వస్తారు కానీ ఈ గోడవాళ్ళు ఆ గోడకి పోరు.

కిటికీ గోడ మధ్యలో రావిరి ఉన్నాడు, ఒళ్ళో పది నెలల కూతుర్ని పెట్టుకుని.

రావిరి రీపెకాకి ఒక్కగానొక్క కొడుకు. మూడేళ్ళు కావస్తోంది వాడు కనిపించక. మే నెలలో తీతీ అనే సముద్రపు పిట్టల వేట ముగించుకుని దీవి నుంచి వస్తుంటే జలసంధిలో పడవ తిరగబడింది. ముగ్గురున్నారు. ఇద్దరు దొరికారు. రావిరి దొరకలేదు. పెద్దవాళ్ళు ఆ నీళ్ళలో ఎవరూ చేపలు పట్టకూడదని నిషేధం పెట్టారు, కొన్నాళ్ళకి ఎత్తేశారు. చర్చిలో ప్రార్థన చేశారు. కోర్టు నుంచి ఒక కాగితం వచ్చింది. రీపెకా దాన్ని మడత విప్పకుండా పిండి డబ్బా వెనక పెట్టింది. వాడి పేరుతో రాయి పెట్టిద్దామని అడిగినవాళ్ళకి సమాధానం చెప్పలేదు. ఫోటో కిటికీ గోడ మీదే ఉంది. వచ్చిన చుట్టాలు నిప్పుగూటి గోడ తాకుతూ తాకుతూ చివరికొచ్చి ఆగిపోయేవారు. చెయ్యి గాల్లో ఉండేది. చూపు కిటికీ వైపు వెళ్ళి, అక్కణ్ణించి నేల మీదికి దిగేది.

ఇప్పుడు మళ్ళీ వేట కాలం వచ్చింది. మూడేళ్ళుగా టియోనే దీవికి వెళ్ళలేదు. ఈసారి అతని అక్క ఫోన్ చేసి, అడిగినట్టు కాకుండా చెప్పేసింది. "శనివారం మేమంతా మీ ఇంట్లోనే భోంచేసి బయల్దేరతాం. నువ్వూ వస్తున్నావు. నీ సంచీ నువ్వు సర్దుకుంటావా, నన్నొచ్చి సర్దమంటావా?"

అందుకని కర్స్టీ గోడ పని పెట్టుకుంది. ముప్పై ఏళ్ళ పొగకి ఆ గోడ ఏ రంగో ఎవరికీ గుర్తులేదు. ఇంటికి ఏదైనా చెయ్యాలని చాలా రోజులుగా అనుకుంటోంది. మాటల్లో చెయ్యగలిగింది ఏమీ లేదని ఆమెకి ఎప్పుడో తెలిసిపోయింది.

టియోనే వాళ్ళు తెల్లవాళ్ళు రాకముందు నుంచీ ఆ తీరాన ఉన్నవాళ్ళు, కర్స్టీ తెల్లవాళ్ళ పిల్ల. తిమారూ దగ్గర గొర్రెల మధ్య పెరిగింది. రావిరి పోయాక పుట్టింటికి వెళ్ళిపోతుందని ఊరంతా అనుకున్నారు. రీపెకా అయితే రోజూ పొద్దున లేచి, కారు ఉందా లేదా అని చూసుకునేది. కర్స్టీ వెళ్ళలేదు. కానీ ఈ ఇంటి పద్ధతులు ఆమెకి ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. తప్పు చేసినప్పుడల్లా ఒకటి తెలిసేది.

సోమవారం అలాగే అయింది. ఫోటోలన్నీ దించి, అద్దాలు తుడుద్దామని వంటింటి బల్ల మీద వరసగా పరిచింది. రీపెకా చేతిలో కెటిల్ కిందపడబోయింది.

"తినే బల్ల మీదా! అయ్యో, అయ్యో, మా మామగారు! మా అమ్మ! రొట్టె పక్కన!"

ఇద్దరూ కలిసి ఒక్కొక్కరినీ లోపలి గదిలోకి మోశారు. రీపెకా మంచం మీద మంచి దుప్పటి పరిచి, అందర్నీ పడుకోబెట్టి, పైన ఇంకో దుప్పటి కప్పింది. తలుపు దగ్గర నిలబడి, "అయిదు రోజులే. శనివారానికి మీ చోటికి మీరు వచ్చేస్తారు. పిల్లకి తెలీక చేసింది, మనసులో పెట్టుకోకండి," అని చెప్పింది. అందరూ విన్నట్టే ఉన్నారు. అయినా రెండుసార్లు వెళ్ళి దుప్పటి సరిచేసి వచ్చింది.

మంగళవారం రంగులు. కర్స్టీ గోడ మీద మూడు చోట్ల అరచేయంత మేర రంగు పూసి చూపించింది.

"ఒకటి బురద," అన్నాడు టియోనే తల పక్కకి వంచి. "ఒకటి ఆవపిండి. మూడోది..."

మూడోది నీలం. ఆకుపచ్చ కలిసిన, లోతైన, నల్లబడిన నీలం. కొట్లో ఈ ఏడాది అందరూ అదే కొంటున్నారు. టియోనే వాక్యం పూర్తి చెయ్యలేదు. రీపెకా వంగి కార్పెట్ మీద ఏదో ఏరింది, కార్పెట్ మీద ఏమీ లేదు. ఆ పూటంతా ఆ గోడకి వీపు పెట్టి కూర్చుంది. మర్నాడు లేచేసరికి నీలం మచ్చ మీద కాల్చిన మట్టి రంగు వేసేసి ఉంది. గోడంతా ఆ మట్టి రంగే వేసింది కర్స్టీ. నిప్పుగూటి పైనుండే పాత చెక్కకి గరుకు కాగితం పట్టించి నూనె రాసింది. రంగు ఆరాక కాగితాలు మళ్ళీ అంటించింది. గది బాగుంది. రీపెకాకి కూడా బాగుందనిపించింది. బాగుందనిపించిన వెంటనే భయమేసింది.

భయం రీపెకాకి కొత్త కాదు. అది ఆమె చేసే పనుల్లో ఒకటి. రావిరి పుట్టిన రోజు నుంచీ వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసేది. ఉయ్యాల గొలుసు తెగుతుందని, ఆల్చిప్ప గీరుకుంటే చెయ్యి కుళ్ళుతుందని, స్కూలు బస్సు లోయలో పడుతుందని భయపడింది. పదిహేడేళ్ళకి వాడు పడవెక్కితే, వాడి లైఫ్ జాకెట్ లోపల ఇంటి నంబరు దారంతో కుట్టింది. వాడికి చిన్నప్పటి నుంచీ చలి ఎక్కువ. ఇంటికొస్తూనే బూట్లు విప్పేసి, నిప్పుగూటి గడప మీద కూర్చుని, ఇటుకలకి వీపు ఆన్చేవాడు. "కాలుతుందిరా, చొక్కా అంటుకుంటుందిరా" అని ఆమె అనేది. "ఇంకొంచెం అమ్మా, ఇంకా ఎముకల్లోకి వెళ్ళలేదు" అని వాడనేవాడు.

ఆమె భయపడ్డవి ఏవీ జరగలేదు. తను భయపడింది కాబట్టే జరగలేదని ఆమె నమ్మకం. ఎవరికీ చెప్పలేదు, చెబితే నవ్వుతారని. కానీ ముప్పై ఏళ్ళు వాణ్ణి అలా మోసుకొచ్చింది. వాడు నీళ్ళ మీద ఉన్న ప్రతి రోజూ గంటకోసారి కిటికీ దగ్గరికి వెళ్ళి, జరగగలిగినవన్నీ ఒక్కొక్కటే తలుచుకునేది, వాటికి దారి లేకుండా చేసేది.

ఆ మే నెల రోజు మాత్రం మర్చిపోయింది. అది కహూ మొదటి పుట్టినరోజు. మనవరాలికి గొర్రెపిల్ల ఆకారంలో కేకు చేద్దామని మొదలుపెట్టింది. పైన క్రీము గట్టిపడలేదు. చెవులు జారిపోయాయి. మళ్ళీ చేసింది. పొద్దుటి నుంచి నాలుగింటిదాకా కిటికీ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. పాటలు కూడా పాడుకుంది. నాలుగింటికి, ముందు పడవలో వచ్చేసిన టియోనే బూట్లు విప్పకుండా వంటింట్లోకి వచ్చాడు. ఆమె మొదట అన్న మాట, "నేల తుడిచాను, కనిపించడం లేదా?"

అప్పటి నుంచీ మళ్ళీ మానలేదు. కిటికీ గోడ మీద వాడున్నంత కాలం తన పని ఇంకా ఉన్నట్టే.

బుధవారం సాయంత్రం రీపెకా ఊరికే అలా చూస్తూ కాగితాలు లెక్కపెట్టింది. పన్నెండు ఉన్నాయి.

లోపలి గదికి వెళ్ళి దుప్పటి ఎత్తి ఫోటోలు లెక్కపెట్టింది. పదకొండు.

మళ్ళీ హాల్లోకి వచ్చింది. సరిగ్గా మధ్యలో, మామగారికీ తన తల్లికీ నడుమ, కళ్ళ ఎత్తులో ఉంది ఆ ఎక్కువ కాగితం. దాని మీద పేరు లేదు. ఈ పిల్ల అడగకుండా, చెప్పకుండా చోటు కేటాయించేసింది. శనివారం అందరూ వచ్చేసరికి అక్కడ వాడుంటాడు. అందరూ చేత్తో తాకుతారు. తాకితే అయిపోయినట్టే.

టేపు పీకి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఆప్రాన్ జేబులో దోపుకుంది.

గురువారం పొద్దున కాగితం మళ్ళీ అక్కడే ఉంది.

"ఈ టేపు దండగ అత్తయ్యా," అంది కర్స్టీ టోస్టు నములుతూ. "ఒకటి రాలిపోయింది, ఎక్కడ పడిందో కనిపించలేదు. కొత్తది కత్తిరించి పెట్టా. ఈ రోజు కొట్టు నుంచి గట్టి టేపు తెస్తా."

"గాలికేమో," అంది రీపెకా.

"హాల్లో గాలెక్కడిది?"

"బ్లఫ్‌లో గాలి లేనిదెక్కడ?" అన్నాడు టియోనే.

కర్స్టీ పనికెళ్ళగానే రీపెకా దాన్ని మళ్ళీ తీసింది. ఈసారి చించి చెత్తబుట్టలో, టీ ఆకుల కింద దాచింది. సాయంత్రం కర్స్టీ కొత్త టేపుతో వచ్చి, ఖాళీ చోటు చూసి, ఏమీ అనకుండా మూడో కాగితం కత్తిరించింది. నాలుగు మూలలా అంటించి, బొటనవేలితో గట్టిగా నొక్కింది. వంటింట్లోంచి చూస్తున్న రీపెకాకి ఇక ఆగలేదు. చేతిలో బంగాళాదుంప అలాగే ఉండగా హాల్లోకి వచ్చి, ఆ కాగితాన్ని పట్టి లాగింది. కొత్త టేపుతో పాటు కొత్త రంగు కూడా పెచ్చుగా ఊడివచ్చింది.

"తావా!" అని అరిచింది కహూ. ఆ పిల్ల నాన్నమ్మని తావా అనే పిలుస్తుంది. నేల మీద కూర్చుని చీజ్ రోల్ తింటోంది. "అది నాది! అమ్మ నన్ను అక్కడ పెడతానంది!"

రీపెకా కోడలి వైపు తిరిగింది. "ఏంటంటోంది ఇది?"

"కహూదే అత్తయ్యా. బళ్ళో తీసిన కొత్త ఫోటో. మీకు చెప్పకుండా పెడదామనుకున్నా. మధ్యలో ఒక నవ్వే మొహం ఉంటే..."

బంగాళాదుంప కిందపడి దొర్లింది.

"బతికున్న పిల్లని! బతికున్న పిల్లని తీసుకెళ్ళి వాళ్ళ మధ్య పెడతావా? నీకు మతి ఉండే చేస్తున్నావా? రమ్మని పిలిచినట్టు కాదూ? ఇదిగో, దీన్ని కూడా తీసుకుపోండి అని చెప్పినట్టు కాదూ?" ఆమె కహూని నేల మీంచి లేపి, ఒళ్ళంతా తడిమింది, అప్పటికే ఏదో అయిపోయినట్టు.

కర్స్టీ చేతిలోని టేపు చుట్ట ముక్కాలిపీట మీద పెట్టేసింది. "నాకు తెలీదు. నాకెవరూ చెప్పలేదు. ఈ ఇంట్లో నాకెవరూ ఏదీ చెప్పరు. పోయినవాళ్ళని అక్కడ పెడతారని తెలుసు కానీ, బతికున్నవాళ్ళని కలపకూడదని నాకేం తెలుసు?"

"కలపకూడదు!"

"ఒకే గోడ మీద ఉండకూడదా?"

"ఉండకూడదు! పట్టుకుంటారు. చిన్నపిల్లలైతే మరీ. మా అమ్మ చెప్పింది, ఆమెకి వాళ్ళమ్మ చెప్పింది."

కర్స్టీ చెయ్యెత్తి కిటికీ గోడ చూపించింది.

"మరి అదేంటి అత్తయ్యా?"

రీపెకా చూడలేదు. అక్కడ ఏముందో ఆమెకి తెలుసు. రావిరి నిప్పుగూటి గడప మీద కూర్చుని నవ్వుతున్నాడు. ఒళ్ళో కహూ, వాడి కాలరు పట్టుకుని.

"మూడేళ్ళుగా నా కూతురు ఆయన ఒళ్ళోనే ఉంది," అంది కర్స్టీ. గొంతు పెంచలేదు. "ఒక గోడ మీద కాదు, ఒకే ఫ్రేములో."

"వాడు పోవడం ఎవరు చూశారు?"

"ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు. అందుకని నేనేంటి ఈ ఇంట్లో? ఏ ఆఫీసుకెళ్ళినా ఒక ఫారం ఇస్తారు. పెళ్ళయిందా, మొగుడున్నాడా, పోయాడా అని గళ్ళుంటాయి. అక్కడ ఆగిపోతాను. పెన్ను పట్టుకుని అలా నిలబడిపోతాను. నేను ఏడవాలంటే తలుపేసుకుని, కుళాయి తిప్పుకుని ఏడవాలి, మీకు వినబడకుండా. ఎందుకంటే మీ ఇంట్లో ఎవరూ పోలేదు."

కహూ అమ్మ వైపోసారి, తావా వైపోసారి చూసింది. "నన్ను అక్కడ పెట్టొద్దులే," అంది. "నాకు వంటింట్లో చాలు."

రీపెకా కిందపడ్డ బంగాళాదుంప ఏరుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ గురువారం సాయంత్రం మూతపడిన నోరు శుక్రవారం కూడా తెరుచుకోలేదు. బంగాళాదుంపలు ఒలిచింది, చుట్టాల పడకలకి దుప్పట్లు ఉతికింది, ఉప్పులో నిలవబెట్టిన తీతీలని ఉప్పు పోయేదాకా మూడు నీళ్ళలో ఉడకబెట్టింది. ఎవరడిగినా తల ఊపింది.

లోపల మాత్రం లెక్కలు సాగుతున్నాయి. కహూకి ఏడాదిన్నరప్పుడు చెవి పోటు. రెండేళ్ళప్పుడు జ్వరం, ఆస్పత్రిలో నాలుగు రోజులు, చేతికి సూది నిలవక కాలికి పెట్టారు. కిందటి చలికాలం గొంతులో చేపముల్లు. మొన్న ఉయ్యాల మీంచి పడి మోచెయ్యి. ఇవన్నీ పిల్లలకి వచ్చేవేనని డాక్టరు చెప్పాడు. డాక్టరుకేం తెలుసు, కిటికీ గోడ మీద ఏముందో. కొడుకుని ఉంచుకోవడం కోసం పిల్లని వాడి చేతుల్లో వదిలేసింది తను. వాడు మంచివాడే, కూతురంటే ప్రాణం. కానీ చలికి వణికే మనిషి, ఒళ్ళో వెచ్చగా ఉన్నదాన్ని ఎందుకు వదులుతాడు?

ఆ ఆలోచన రాగానే ఆమె చేతులు నీళ్ళలో ఆగిపోయాయి. చలికి వణికే మనిషి అనుకుంది తను. పడవలో ఉన్నట్టో, ఏ దీవిలోనో ఉన్నట్టో కాదు.

మధ్యాహ్నం కట్టెల గుట్ట దగ్గరికి బుట్ట పట్టుకుని వెళితే, టియోనే అక్కడ కట్టెలు చీలుస్తున్నాడు. ఆమెని చూసి గొడ్డలి దించాడు.

"నువ్వు నిన్నటి నుంచీ దేనికీ భయపడటం లేదు. నాకు భయమేస్తోంది," అన్నాడు.

ఆమె నవ్వలేదు. అతను కట్టెల మీద కూర్చున్నాడు. బుట్టలో ఒకటి వేశాడు. ఇంకోటి వేశాడు.

"పదకొండు రోజులు వెతికాను, గుర్తుందా? రోజూ చీకటి పడ్డాక వచ్చేవాణ్ణి. దొరికాడా అని అడిగేదానివి. ఇంకా లేదు అనేవాణ్ణి." మూడో కట్టె చేతిలోనే ఉంచుకున్నాడు. "ఆ నీళ్ళు ఎంత చల్లగా ఉంటాయో నీకెప్పుడూ చెప్పలేదు. మే నెలలో గంట. గట్టివాడైతే రెండు గంటలు. మొదటి రోజు సాయంత్రానికే నాకు తెలుసు రీపెకా. మిగతా పది రోజులు వాడి కోసం తిరగలేదు. ఇంటికొచ్చి నీకు చెప్పలేక తిరిగాను. ఇంకా లేదు, ఇంకా లేదు అని నేనే నీకు నేర్పాను."

ఆమె బుట్ట కింద పెట్టి, అతని చేతిలోంచి ఆ కట్టె తీసుకుని బుట్టలో వేసింది. అతని టోపీ చెవుల మీదికి లాగింది. బుట్ట ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

శనివారం పొద్దున ఆకాశం బూడిదరంగులో ఉంది. చుట్టాలు పదకొండింటికి వస్తారు. కర్స్టీ ఎనిమిదింటికే సుత్తి పట్టుకుంది. ఊడిన పెచ్చు మీద ముందు రోజే రంగు దిద్దింది. ఒక్కో కాగితం మీదుగా మేకు కొట్టి, కాగితం చింపేసి, లోపలి గదిలోంచి ఒక్కొక్కరినే తెచ్చి తగిలించింది. తెచ్చేటప్పుడు రెండు చేతులతో పట్టుకుంది, మొహం ముందుకి పెట్టి. ఎవరూ చెప్పకుండానే. పదకొండుమందీ వాళ్ళ వాళ్ళ చోట్లకి వచ్చేశారు. మట్టి రంగు మీద వాళ్ళ మొహాలు కొత్తగా, దగ్గరగా కనిపించాయి.

మధ్యలో మాత్రం నిన్న మళ్ళీ అంటించిన కాగితం మిగిలింది. కర్స్టీ దాన్ని తియ్యలేదు.

సంచీలోంచి ఒక చిన్న ఫ్రేము తీసింది. తన కొట్లో కాదు, వేరేచోట చేయించింది. కిటికీ గోడ మీదున్న ఫోటోయే, కానీ రావిరి ఒక్కడే. ఒళ్ళో ఉన్న పిల్లని తీసేసి, భుజాల దాకా పెద్దది చేసి ఇచ్చారు. వాడిది వేరే ఫోటో లేదు. కెమెరా చూస్తే నాలుక బయటపెట్టేవాడు, పారిపోయేవాడు. ఆ ఒక్కసారి పిల్ల ఒళ్ళో ఉంది కాబట్టి కదల్లేకపోయాడు.

కర్స్టీ దాన్ని పట్టుకుని అత్తగారి ముందు నిలబడింది. "దీన్ని ఎక్కడ పెట్టను అత్తయ్యా? ఆ గోడకా, ఈ గోడకా? లోపల నా బీరువాలో పెట్టుకోమన్నా పెట్టుకుంటా. మీరెలా అంటే అలా. మళ్ళీ అడగను."

రీపెకా ఆప్రాన్‌కి చేతులు తుడుచుకుంది. ఫ్రేము తీసుకుంది. కిటికీ వెలుగులోకి పట్టుకుని చూసింది. వాడి కళ్ళు, వాడి గడ్డం మీద చిన్నప్పుడు ఆల్చిప్ప గీసిన గీత. కింద అంచున, కాలరు దగ్గర, రెండు గింజల్లాంటివి ఉన్నాయి. ఇంకా దగ్గరగా పెట్టుకుని చూసింది. కహూ వేళ్ళ చివరలు. ఎవరికీ కనిపించనంత చిన్నవి. కర్స్టీకీ కనిపించలేదు, కత్తిరించినవాడికీ కనిపించలేదు.

ఆమె కుర్చీలో కూర్చుని ఫ్రేము బోర్లా తిప్పింది. వెనక మేకులు గోటితో ఎత్తింది. అట్ట తీసి, ఫోటోని వెంట్రుకవాసి కిందికి జరిపింది. మళ్ళీ తిప్పి చూసింది. ఇంకొంచెం జరిపింది. కుట్టు విప్పినట్టు, ఓపిగ్గా, ఆ రెండు వేళ్ళూ వాడి కాలరు వదిలేదాకా. అట్ట బిగించి, మేకులు నొక్కి, అద్దం మీద ఊదింది. ఆప్రాన్ అంచుతో తుడిచింది.

కర్స్టీ నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుని చూస్తోంది. గుమ్మంలో టియోనే, అతని కాలు పట్టుకుని కహూ.

రీపెకా లేచి కిటికీ గోడ దగ్గరికి వెళ్ళింది. పాత ఫోటో దించింది. దాన్ని కోడలి చేతిలో పెట్టి, చెయ్యి మూసి, బీరువా ఉన్న గది వైపు తల ఊపింది. తర్వాత నిప్పుగూటి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, నిన్న తెచ్చిన కట్టెలు పేర్చి అగ్గిపుల్ల గీసింది. ఆ చలికాలానికి అదే మొదటి మంట. మొదట పొగ వచ్చింది. ఆమె దగ్గింది, ఊదింది. మంట పట్టుకుంది.

కట్టెలు చిటపటమన్నాయి. ఇటుకలు వెచ్చబడేదాకా ఆమె అలాగే కూర్చుంది, చాలాసేపు. రేవులో ఏదో పడవ ఇంజను మొదలై, దూరమై, వినబడకుండా పోయింది. ఆమె కిటికీ వైపు తిరగలేదు.

మోకాలు పట్టుకుని లేచింది. మధ్యలో ఉన్న కాగితాన్ని మూలలు చిరగకుండా ఊడదీసింది. గోడ మీద అరచెయ్యి ఆన్చింది, పైన. పెదాలు కదిలాయి, పది. అక్కడ గోడ చల్లగా ఉంది. చెయ్యి కిందికి జరిపింది. మళ్ళీ పది. ఇంకా కిందికి, ఇంకా, చెక్క పలకకి జానెడు పైన, పొగగొట్టం పక్కన, వాడు వీపు ఆన్చి కూర్చునే ఇటుకలకి సరిగ్గా ఎగువన. అక్కడ చెయ్యి ఆగింది. పదయ్యాక కూడా తియ్యలేదు. ఇరవై అయ్యాక కూడా.

కాగితాన్ని అక్కడ పెట్టి బొటనవేలితో నొక్కింది.

"అక్కడ వద్దేమో అత్తయ్యా," అంది కర్స్టీ, వినబడీ వినబడనట్టు. "సెగ తగులుతుంది. ఫోటో కమిలిపోతుంది కదా?"

రీపెకా గోడ వైపే తిరిగి ఉంది. మంట పెద్దదైంది. ఒక కట్టె విరిగి కూలింది. కహూ ఏదో అడగబోతే టియోనే దాని తల మీద చెయ్యి వేశాడు.

"ఇక్కడే కొట్టు మేకు," అంది రీపెకా. రెండు రోజులు వాడని గొంతు బొంగురుపోయింది. "కమిలితే కమలనీ. వాడు చలికి ఉండలేడు."